మనీ మార్కెట్ ఫండ్: పెట్టే ముందు చదివినవి, పెట్టాక చూసినవి

పాత ఇల్లు అమ్మేశాం. కొత్తది మాట్లాడుకున్నాం కానీ, అమ్మేవాళ్ల కుటుంబంలో ఒకరి సంతకం తేలాల్సి ఉంది. అది రెండు నెలల్లో తేలొచ్చు, ఎనిమిది నెలలూ పట్టొచ్చు. ఈలోగా మా ఇద్దరి జీవితంలో ఎప్పుడూ చూడనంత పెద్ద మొత్తం సేవింగ్స్ ఖాతాలో పడి ఉంది. దాని మీద బ్యాంకు వేసే వడ్డీ చూస్తే ఒళ్లు మండేది.

ఆ డబ్బు విషయంలో మాకు కావాల్సింది చాలా మామూలుది. అసలు తరగకూడదు. కబురు రాగానే ఒకటి రెండు రోజుల్లో చేతికి రావాలి. ఈ రెండూ కుదిరాక వడ్డీ నాలుగు రాళ్లు ఎక్కువొస్తే సంతోషం. ఫిక్స్‌డ్ డిపాజిట్ వేద్దామంటే గడువు ముందే చెప్పాలి, మాకేమో తేదీ తెలియదు. మధ్యలో తీస్తే వడ్డీలో కోత. ట్రెజరీ బిల్లులు (ప్రభుత్వం కొద్ది నెలల అప్పు కోసం అమ్మే కాగితాలు) నేరుగా కొందామన్నా అదే చిక్కు: గడువు తీరేదాకా ఆగాలి, లేదా ఆ రోజు ధరకు అమ్ముకోవాలి.

మా బాబాయ్ బ్యాంకులో ట్రెజరీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. ఫోన్ చేస్తే, "మనీ మార్కెట్ ఫండ్ చూడరా" అన్నాడు.

"రిస్క్ ఉండదు కదా బాబాయ్?"

"ఉండదని ఎవడైనా చెప్తే వాడి దగ్గర కొనకు. తక్కువే ఉంటుంది. ఎంత తక్కువ, అది ఎక్కడుంది అన్నది చూసుకుని కొను."

నేను చేసిన పనంతా ఆ ఎక్కడుంది అన్నదాని కోసం వెతకడమే.

ముందు అసలు ఈ ఫండ్ డబ్బును ఏం చేస్తుందో చూశాను. ప్రభుత్వానికి ఈ రోజు ఖర్చుంది, పన్నుల డబ్బు రెండు మూడు నెలలకు గానీ రాదు. అప్పుడు ట్రెజరీ బిల్ అమ్ముతుంది. దానికి విడిగా వడ్డీ ఉండదు, తక్కువకు అమ్మి గడువు రోజున పూర్తి మొత్తం ఇస్తుంది. ఉదాహరణకు 98.8కి కొన్న బిల్లుకు 90 రోజుల తర్వాత 100 వస్తే, ఏడాది లెక్కన అది దాదాపు 4.9 శాతం. బ్యాంకులు ఇలాగే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ పేరుతో, కంపెనీలు కమర్షియల్ పేపర్ పేరుతో అప్పు తీసుకుంటాయి. రెపో అని ఇంకొకటుంది: ప్రభుత్వ బాండ్లు తాకట్టు పెట్టుకుని చాలావరకు ఒక్క రాత్రికి ఇచ్చే అప్పు. మనం ఇరుగుపొరుగుతో చేసే చేబదుళ్ల లాంటివే ఇవన్నీ, కాకపోతే పుచ్చుకునేవాళ్లు ప్రభుత్వాలు, బ్యాంకులు, పెద్ద కంపెనీలు. ట్రెజరీ బిల్లులు తప్పిస్తే మిగతావాటి కోసం మామూలు మనిషి నేరుగా ఆ బజారుకు వెళ్లడం కష్టం, ఒక్కో కాగితం పెద్ద మొత్తానికి ఉంటుంది. పదిమంది డబ్బు పోగేసి అక్కడికి వెళ్లడమే ఫండ్ పని.

ఈ ఏర్పాటు పుట్టిన కథ నాకు బాగా నచ్చింది. అమెరికాలో అప్పట్లో రెగ్యులేషన్ క్యూ అనే నిబంధన ఉండేది. బ్యాంకులు పొదుపు ఖాతాలపై ఒక పరిమితికి మించి వడ్డీ ఇవ్వకూడదు. బయట ట్రెజరీ బిల్లుల మీద అంతకన్నా ఎక్కువ వచ్చేది. కానీ 1970లో బిల్లు కొనడానికి కనీస మొత్తాన్ని 10,000 డాలర్లు చేశారు, దాంతో చిన్న పొదుపరులు బయటే ఉండిపోయారు. 1971లో బ్రూస్ బెంట్, హెన్రీ బ్రౌన్ కలిసి రిజర్వ్ ఫండ్ మొదలుపెట్టారు. చిన్నవాళ్ల డబ్బు కలిపి పెద్దవాళ్లకొచ్చే వడ్డీ ఇప్పించడమే దాని ఉద్దేశం. సేవింగ్స్ వడ్డీ చూసి ఒళ్లు మండటం నాతోనే మొదలవలేదన్నమాట.

తర్వాత ఫండ్లు నెలనెలా ఇచ్చే ఫ్యాక్ట్‌షీట్లు ముందేసుకుని కూర్చున్నాను. మొదట్లో అందరిలాగే రాబడి అంకె దగ్గరే చూపు ఆగింది. కొన్నిచోట్ల దాన్ని ఏడు రోజుల రాబడి అని రాస్తారు: గత ఏడు రోజుల్లో ఖర్చులు పోగా వచ్చిన ఆదాయం ఏడాది పొడవునా అలాగే వస్తే ఎంత శాతమవుతుందో చెప్పే లెక్క. వచ్చే ఏడాది అంతే ఇస్తామని అందులో హామీ ఏమీ లేదు.

నాకు అసలు విషయం బోధపడింది సగటు మెచ్యూరిటీ అనే గడి దగ్గర. ఫండ్ చేతిలో ఉన్న కాగితాలకు సగటున ఇంకా ఎన్ని రోజుల గడువు మిగిలిందో అది చెబుతుంది. 45 రోజులనుకుందాం. రేపు పొద్దున బజారులో వడ్డీ రేట్లు ఒక్కసారిగా ఒక శాతం పెరిగాయనుకుందాం. పాత వడ్డీకి కొన్న మన కాగితాల విలువ కాస్త తగ్గుతుంది. ఎంత? ఒక శాతాన్ని 45తో గుణించి 365తో భాగిస్తే 0.12 శాతం. ఫండ్ ఏడాదికి 5 శాతం సంపాదిస్తుంటే ఆ నష్టం తొమ్మిది రోజుల్లో పూడిపోతుంది. ఆ తర్వాత కొత్త, ఎక్కువ వడ్డీ కాగితాలు చేతికొస్తాయి. ఇదే లెక్క పదేళ్ల బాండ్ల ఫండ్‌కి వేస్తే నష్టం అనేక శాతాల్లో ఉంటుంది, పూడటానికి ఏళ్లు పట్టొచ్చు. లెక్కలో మారిందల్లా గడువు ఒక్కటే. ఈ లెక్క వేసుకున్నాక వడ్డీ రేట్ల వార్తలంటే నాకు టెన్షన్ పోయింది.

ఇక్కడొక మెలిక ఉంది. పేరు అన్ని దేశాల్లోనూ ఒకటే అయినా లోపలి సరుకు ఒకటి కాదు. అమెరికా నిబంధనల్లో ఒక్కో కాగితం గడువు 397 రోజులు దాటకూడదు, మొత్తం సగటు 60 రోజులు మించకూడదు. భారత్‌లో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2017లో ఫండ్లను తరగతులుగా విడగొట్టింది. ఓవర్‌నైట్ ఫండ్ అంటే ఒక్కరోజు కాగితాలు, లిక్విడ్ ఫండ్ అంటే 91 రోజుల లోపువి, మనీ మార్కెట్ ఫండ్ అంటే ఏడాది దాకా గడువున్నవి. అంటే అక్కడ మనీ మార్కెట్ అని పేరున్న ఫండ్ లిక్విడ్ ఫండ్ కన్నా ఎక్కువ ఊగొచ్చు. సగటు గడువు తొమ్మిది నెలలుంటే పై లెక్కలో 0.12 బదులు 0.75 శాతం వస్తుంది. పెద్ద నష్టమేమీ కాదు, కానీ వచ్చే వారమే డబ్బు కావాల్సినవాడికి చిన్నదీ కాదు. 2013 జులైలో రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అత్యవసరంగా ఇచ్చే అప్పు మీద రేటును ఒకేసారి 2 శాతం పెంచినప్పుడు, అక్కడి లిక్విడ్ ఫండ్ల విలువే ఒక్కరోజు వెనక్కి తగ్గింది. అందుకే పేరును నమ్మి కొనొద్దని ఎవరడిగినా చెప్తున్నాను. సగటు గడువు గడి చూడాలి.

గడువు వల్ల వచ్చే ప్రమాదం ఇంత చిన్నదైతే మరి ఈ ఫండ్లు ఎప్పుడైనా దెబ్బతిన్నాయా అని వెతికాను. తిన్నాయి. అమెరికాలో ఇలాంటి ఫండ్లు చాలావరకు యూనిట్ (ఫండ్‌లో ఒక్కో వాటా) విలువను 1 డాలర్ దగ్గరే నిలబెడతాయి, వచ్చిన వడ్డీని విడిగా పంచుతాయి. 1994లో సంస్థల డబ్బు మాత్రమే తీసుకునే ఒక చిన్న ఫండ్ 96 సెంట్లకు పడింది. అది చాలామందికి తెలియకుండానే గడిచిపోయింది. రెండోది ప్రపంచమంతా చూసింది. 2008 సెప్టెంబర్ 15న లీమన్ బ్రదర్స్ అనే అమెరికా పెట్టుబడి బ్యాంకు దివాలా తీసింది. రిజర్వ్ ప్రైమరీ ఫండ్ చేతిలో లీమన్‌కు ఇచ్చిన అప్పు కాగితాలు 785 మిలియన్ డాలర్లవి ఉన్నాయి. ఫండ్ మొత్తంలో అవి ఒక శాతం కన్నా కొంచెం ఎక్కువ, అంతే. మర్నాడు వాటి విలువ సున్నా అని రాసుకుని, యూనిట్ విలువ 97 సెంట్లని ప్రకటించారు. అది 1971లో ఈ వ్యాపారానికి కొబ్బరికాయ కొట్టిన కుటుంబంలోని ఫండే కావడం విచిత్రం.

ఇందులో నాకు భయం వేసింది ఆ మూడు సెంట్ల గురించి కాదు. ఫండ్‌లో డబ్బున్నవాళ్లందరూ ఒకేసారి తలుపు దగ్గరకు పరుగెత్తారు, ఫండ్ చెల్లింపులు ఆపేసింది. చివరికి వాళ్లకు డాలర్‌కు 99 సెంట్లకు పైగానే ముట్టింది. కానీ విడతలవారీగా, ఆలస్యంగా. ఇంటి రిజిస్ట్రేషన్ పెట్టుకున్నవాడికి ఒక శాతం నష్టం కన్నా ఆ ఆలస్యమే పెద్ద దెబ్బ. కొద్దిరోజుల్లోనే అమెరికా ప్రభుత్వం ముందుకొచ్చి మనీ మార్కెట్ ఫండ్లకు తాత్కాలికంగా గ్యారంటీ ఇస్తే గానీ మిగతా ఫండ్లలో పరుగు ఆగలేదు. 2020 మార్చిలో కోవిడ్ భయంతో మళ్లీ డబ్బు బయటకు పోతుంటే అక్కడి కేంద్ర బ్యాంకు ప్రత్యేక సదుపాయం పెట్టి ఆదుకోవాల్సి వచ్చింది. రెండుసార్లూ ఒత్తిడి కమర్షియల్ పేపర్ లాంటివి పట్టుకున్న ఫండ్ల మీద పడింది. కేవలం ప్రభుత్వ కాగితాలున్న ఫండ్లలోకి మాత్రం అదే సమయంలో డబ్బు వచ్చి చేరింది.

బాబాయ్ చూసుకోమన్న ‘ఎక్కడుంది’కి నాకు దొరికిన జవాబు ఇదే. రిస్క్ ముందు గడువులో కొంచెం ఉంది, ఎవరికి అప్పిచ్చారన్నదాంట్లో ఎక్కువుంది, అందరూ ఒకే రోజు అడిగితే ఇవ్వగలరా అన్నదాంట్లో ఇంకా ఎక్కువుంది. అందుకే నియంత్రణ సంస్థలు కూడా మూడోదాని మీద పడ్డాయి. అమెరికాలో 2023 నాటి మార్పులతో ఫండ్ ఆస్తుల్లో కనీసం 25 శాతం ఒక్కరోజులో, 50 శాతం వారంలో నగదుగా మారేలా ఉండాలన్నారు.

మరి బ్యాంకులో ఉంచుకుంటే ఈ గొడవే లేదు కదా? నేనూ అలాగే అనుకున్నాను, డిపాజిట్ బీమా పరిమితి చూసేదాకా. భారత్‌లో ఒక బ్యాంకులో ఒక మనిషికి 5 లక్షల రూపాయలు, అమెరికాలో 2,50,000 డాలర్లు. అంతవరకు బ్యాంకుకు సాటి వచ్చేది లేదు, ఫండ్‌కు ఆ బీమా అసలు ఉండదు. కానీ ఇల్లు అమ్మిన డబ్బు లాంటిది పరిమితి దాటుతుంది. దాటినదంతా ఒకే ఒక్క బ్యాంకుకు మనమిచ్చిన అప్పు. ఫండ్‌లో అదే డబ్బు అనేక కాగితాల మీద ఉంటుంది, ఆ కాగితాలు కస్టోడియన్ (వాటిని భద్రపరిచే వేరే సంస్థ) దగ్గర విడిగా ఉంటాయి, నిర్వహించే కంపెనీ మూతపడినా అవి దాని అప్పులవాళ్లకు పోవు. చిన్న మొత్తానికి బ్యాంకు భద్రం, పెద్ద మొత్తానికి ప్రభుత్వ కాగితాల ఫండ్ నాకు మరింత భద్రంగా అనిపించింది. దీనితో ఒప్పుకోనివాళ్లు ఉంటారని తెలుసు.

ఎంచుకునేటప్పుడు చివరికి రెండు ఫండ్లు మిగిలాయి. ఒకదాని రాబడి రెండోదాని కన్నా 0.4 శాతం ఎక్కువ. పోర్ట్‌ఫోలియో తెరిచి చూస్తే ఎక్కువిచ్చే దాంట్లో ఫైనాన్స్ కంపెనీల కమర్షియల్ పేపర్ బాగా ఉంది, సగటు గడువు కూడా పొడుగు. తక్కువిచ్చే దాంట్లో ట్రెజరీ బిల్లులు, రెపోలే దాదాపు అంతా, సగటు గడువు 40 రోజుల దగ్గర. ఈ బజారులో ఊరికే ఎవరూ ఎక్కువ ఇవ్వరు. 0.4 ఎక్కువ వస్తోందంటే ఎక్కడో దానికి తగ్గ బరువు మోస్తున్నట్టే. ఆరు నెలలుంచితే తేడా 0.2 శాతం, దానికోసం రిజిస్ట్రేషన్ డబ్బుతో ఆడుకోవడం నాకు నచ్చలేదు. తక్కువిచ్చేదే తీసుకున్నాను.

ఎక్కువ రాబడికి ఒక్క మంచి కారణం మాత్రం ఉండొచ్చు: నిర్వహణ ఖర్చు తక్కువ కావడం. కాగితాలే 5 శాతం తెచ్చే చోట ఫండ్ 0.5 శాతం ఖర్చు కింద పట్టుకుంటే మన ఆదాయంలో పదో వంతు పోయినట్టే. షేర్ల ఫండ్‌లో మేనేజర్ ప్రతిభ అని ఏదో సర్దిచెప్పుకోవచ్చు. ఇక్కడ అందరూ కొనేది దాదాపు అవే బిల్లులు. అందుకని ఒకే రకం కాగితాలున్న ఫండ్ల మధ్య ఖర్చు తక్కువున్నదాన్ని కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

ఖాతా తెరవడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. గుర్తింపు పత్రాలు, బ్యాంకు వివరాలు, నామినీ పేరు. నామినీ గడి ఖాళీగా వదలకండి. మొదట చిన్న మొత్తం వేసి, దాంతోనే రెండు వైపులా దారి ఎలా ఉందో చూశాను. నేను తీసుకున్న ఫండ్‌లో వడ్డీ విడిగా పంచరు, యూనిట్ విలువే రోజూ పిసరంత పెరుగుతుంది. సెలవు రోజుల వడ్డీ కూడా కలిపి తర్వాతి పనిదినాన కనిపిస్తుంది. వడ్డీ రేట్లు కాస్త ఎగిరిన ఒక రోజున పెరుగుదల దాదాపు కనిపించలేదు, ఆ తర్వాత మామూలే.

డబ్బు వెనక్కి తీసే పరీక్ష మాత్రం కావాలనే కష్టంగా పెట్టాను. వరసగా సెలవులున్న వారం చూసి, ముందురోజు కటాఫ్ సమయం (ఆ రోజు అభ్యర్థనలు తీసుకునే గడువు) దాటాక రిడంప్షన్, అంటే డబ్బు వెనక్కిమ్మనే అభ్యర్థన, పెట్టాను. యాప్‌లో ‘తర్వాతి పనిదినం’ అని రాసి ఉంటుంది కదా, అసలు అది ఎంత పొడుగు సాగుతుందో తెలుసుకోవాలని. కటాఫ్ దాటింది కాబట్టి అభ్యర్థన తర్వాతి పనిదినానికి జరిగింది, డబ్బు ఆ మీదటి పనిదినానికి వచ్చింది. మధ్యలో సెలవులన్నీ కలిపితే దాదాపు వారం. ఎవరి తప్పూ లేదు, నిబంధనలన్నీ పాటించారు. కానీ ఆసుపత్రి ఖర్చు లాంటిది ఆ వారం వచ్చి ఉంటే? అందుకే రెండు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులోనే ఉంచి, మిగతాది మాత్రమే ఫండ్‌లోకి పంపాను. ఎగ్జిట్ లోడ్, అంటే త్వరగా తీస్తే పడే కోత, కూడా ముందే చూసుకోవాలి. భారత్‌లో లిక్విడ్ ఫండ్ల నుంచి ఏడు రోజుల్లోపు తీస్తే కొంచెం కోస్తారు, మొదటి రోజైతే 0.0070 శాతం. లెక్కకు రానంత తక్కువే అది, ఒక్కరోజు కోసం దూరి వెళ్లిపోయే పెద్ద సంస్థలను ఆపడానికి పెట్టారు.

కొన్ని నెలలకు కేంద్ర బ్యాంకు రేట్లు తగ్గించింది. మా ఫండ్ రాబడి కూడా ఆ వెంటే కొన్ని వారాల్లో దిగింది, పాత బిల్లుల గడువు తీరి కొత్తవి తక్కువ వడ్డీకి వస్తున్నాయి కాబట్టి. మా ఆవిడ లెక్క చూసి, "ఆ రోజు ఎఫ్‌డీ వేసుంటే పాత వడ్డీయే వచ్చేది కదండీ?" అంది. వచ్చేది. పొట్టి గడువుకు చెల్లించే ధర అదే: రేట్లు పెరిగితే త్వరగా లాభం, తగ్గితే త్వరగా నష్టం. ఎన్నేళ్లు పెట్టాలో ముందే తెలిసిన డబ్బుకు ఎఫ్‌డీయో బాండో మేలు. రేట్లు మరీ అడుగంటితే ఫండ్ నడపడమే కుదరకపోవచ్చు కూడా. 2016లో జపాన్‌లో వడ్డీ రేట్లు సున్నా కిందకు వెళ్లాక అక్కడి కంపెనీలు ఈ ఫండ్లను మూసేసి డబ్బు తిరిగిచ్చేశాయి.

చివరికి ఆ సంతకం తేలింది. రిజిస్ట్రేషన్ తేదీ ఖరారు కాగానే, మధ్యలో ఏ సెలవూ అడ్డు రాకుండా చూసుకుని, వారం ముందే మొత్తం తీసి బ్యాంకులో వేశాను. ఆ వారం వడ్డీ పోయింది, పోనీ. సంవత్సరాంతంలో పన్ను లెక్క చూసుకున్నాను. కొన్ని దేశాల్లో దీన్ని వడ్డీ అంటారు, కొన్నిచోట్ల యూనిట్లు అమ్మిన లాభం కింద లెక్కేస్తారు. సేవింగ్స్ ఖాతాతో పోల్చేటప్పుడు పన్ను పోయాక మిగిలినదాన్నే పోల్చాలి. అలా చూసినా మాకు స్పష్టంగా లాభమే, కానీ ద్రవ్యోల్బణం తీసేస్తే చేతిలో పెద్దగా మిగిలిందేమీ లేదు. డబ్బు పెంచుకోవడానికి పెట్టలేదు కాబట్టి దాని గురించి బాధా లేదు. పిల్లల చదువుకని పదేళ్లకు దాస్తున్న డబ్బు మాత్రం ఇందులో పెట్టను.

కొత్త ఇంటి మరమ్మతులకని పక్కనపెట్టిన మొత్తం ఇంకా ఆ ఫండ్‌లోనే ఉంది. నెలకోసారి ఫ్యాక్ట్‌షీట్ వచ్చినప్పుడు ఎవరి కాగితాలున్నాయో, సగటు గడువెంతో చూస్తాను. పోయిన నెల ఆ గడువు 52 రోజులకు పెరిగింది. రేట్లు ఇంకా తగ్గుతాయని మేనేజర్ అనుకుంటున్నట్టున్నాడు, ఉన్న వడ్డీని ఇంకొన్ని రోజులు పట్టి ఉంచే ప్రయత్నం. ప్రభుత్వ బిల్లులే కాబట్టి కదపలేదు.